హర్రాజులో నల్లకోడి

కొడుకు జోయలుకు అవ్వ చెప్పి రాయించేది: హుస్నాబాదులో ప్రభువు దయతో అందరం బాగున్నం. ఫోనులో నన్ను సగం మాటే చెప్పనిస్తవు కనుక ఈ కార్డు.

“అల్లునింట్ల ఎన్ని దినాలుంటవ్, వచ్చి తోలుకపోత” అంటున్నవు. సంగతి విను. మోకాళ్ల నొప్పి తగ్గితే నేను సాదిన నల్లకోడిని కోత పండుగకు ఇస్తానని మొక్కిన. మొన్న చర్చిలో ఇచ్చిన. వచ్చిన కానుకలన్నిటిని అక్కడనే హర్రాజు పెట్టిండ్రు. హర్రాజులో మటన్ దుకాణపాయన పాట పెంచుతుంటే నా కండ్లల్లో నీళ్లు తిరిగినయి. “ఇచ్చిన కోడికి ఏడుస్తరా అవ్వా?” అని నీ చెల్లె మహిమ గదిమింది. కిరాణంలో బెల్లం తూస్తే పలుకు కూడా ఎక్కువ పోనియ్యని అల్లుడు బెంజమిన్, వెనుకాముందు చూడకుండా కడదాకా పాడి, కోడిని తెచ్చి నా ఒళ్లో పెట్టిండు. “దేవునిది దేవునికి ముట్టింది అత్తమ్మా. గిప్పుడు గిది మనది, ఇంటికి పోదాం పా” అన్నడు. అట్లాంటోని ఇల్లు నాకు పరాయిదెట్లయితది? నేను రాను.

తొక్కు జాడీలో తడి గంటె పెట్టొద్దని నీ పెండ్లానికి చెప్పు. నా ఎర్ర శాలువా దొరికిందా? క్రిస్మసుకు అది పట్టుకొని పిల్లలతో రా. కోడికూర అడగొద్దు. నన్ను తోలుకపోతందుకు కాదు, చూసిపోతందుకు రా. ప్రభువు మిమ్ముల్ని చల్లగ చూడాలె.

నీ అవ్వ రిబ్కమ్మ