పందిట్లో చదవని పద్యాలు

లండన్, ఒంటారియో, కెనడా

అన్నయ్యకు నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ నేనూ మీ బావగారూ బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం, బెంగ పెట్టుకోకు. ఏప్రిల్ సగం అయినా నిన్న మళ్ళీ మంచు పడింది. మీ బావగారు దాన్ని పారతో ఎత్తిపోస్తూ తిట్టిన తిట్లు వింటే నువ్వు ఛందస్సులో పెట్టేసేవాడివి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతున్నావేమో. ఫోన్‌లో నువ్వు "సరేలేమ్మా, ఉంటాను" అని పెట్టేస్తావు. నా పెళ్ళయిన ఈ మూడేళ్ళుగా అంతే. కాగితాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు కదా.

నేను సీనియర్స్ హోమ్‌లో సపోర్ట్ వర్కర్‌గా చేస్తున్నానని తెలుసుగా. స్నానాలు చేయించడం, మందులివ్వడం, తినిపించడం. కష్టమే గానీ మనుషులు మంచివాళ్ళు. నేను చూసుకునేవాళ్ళలో ఇవాన్ గారని ఒక పెద్దాయన ఉన్నారు, తొంభైకి దగ్గర్లో. స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ అమ్మానాన్నలది వేల్స్, ఇంగ్లండ్ పక్కనే ఉన్న కొండల దేశం. భాష కూడా వేరు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట అక్కడ ఒక రాజు కొలువులో ఉన్న కవి గురించి ఈయన జన్మంతా చదువుతూనే ఉన్నారు.

ఆయనకి సూప్ తాగించడం ఓ యజ్ఞం. చెంచా నోటిదాకా వచ్చిందంటే చాలు, ఆ కవి కబుర్లు మొదలు. ఆ కవికి సభలో సొంత ఆసనం ఉండేదట, పోటీలో నెగ్గి సంపాదించుకున్నది. ముందు దేవుడి మీద పాడాలి, తర్వాత రాజు మీద. రాజు యుద్ధానికి వెళితే తనూ వెంట వెళ్ళేవాడట. రాజు చనిపోతే ఏడుస్తూ పద్యాలు చెప్పాడట. రాణిగారు తన గదిలో పాట వినాలంటే మాత్రం, సభలో వాళ్ళకి అడ్డం రాకుండా కొలువు కవి మెల్లగా పాడాలని వాళ్ళ చట్టంలోనే రాసి ఉందట! ఎంత ముచ్చటో చూడు.

పోయిన మంగళవారం ఆయన చెంచా పక్కకి నెట్టి, కళ్ళు మూసుకుని, ఆ కవి పద్యం ఒకటి గట్టిగా చదివారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ అన్నయ్యా, ఒళ్ళు ఝల్లుమంది. పాదం మొదట పలికిన అక్షరం మధ్యలో మళ్ళీ పలుకుతోంది, అచ్చం మన యతిలాగే! నా వేలు దానంతటదే బల్ల మీద లెక్క వేసింది. యతి తప్పినప్పుడు నువ్వు వేసే మొట్టికాయలు గుర్తొచ్చి నెత్తి తడుముకున్నాను. ఆ రాజు లేడు, ఆ కోట లేదు, పద్యం మాత్రం ఇంత దూరం వచ్చి సూప్ గిన్నె పక్కన మోగుతోంది. ఎంత గొప్ప విద్య అన్నయ్యా ఇది! చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్నా నా కళ్ళకి ఆనలేదు.

ఇవాన్ గారు కళ్ళు తెరిచి నా వేలు చూశారు.

"ఏం లెక్కపెడుతున్నావ్?"

మా భాషలోనూ ఇలాంటి నియమం ఉందని, మా అన్నయ్య నేర్పాడని చెప్పాను. పెళ్ళిళ్ళలో వధూవరుల మీద ఐదు పద్యాలు రాసి పందిట్లో చదువుతాడని కూడా చెప్పాను.

"చదువుతాడా? అంటే బతికే ఉన్నాడా?" ఆయన నా వైపు వంగారు. "జన్మంతా నేను పుస్తకాల్లో వెతికిన మనిషి మీ ఇంట్లో ఉన్నాడా! నీ పెళ్ళికి ఏం రాశాడు?"

నేను చెంచా మళ్ళీ గిన్నెలో ముంచాను.

ఏం చెప్పను? ఆ రోజు నువ్వు కాగితం పట్టుకుని మైకు దగ్గరికి వెళుతుంటే, మా అత్తవారి వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, పీటల మీద నుంచే "ఈ పొగడ్తల గోల ఇప్పుడెందుకన్నయ్యా, పరువు పోతుంది" అన్నాను. నువ్వు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నావు. తర్వాత బంతిలో అందరికీ నెయ్యి వడ్డించావు. ఆ సంగతంతా ఇవాన్ గారికి చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఆయన తిట్టలేదు. వాళ్ళ కవి రాజుకి కోపం తెప్పిస్తే, మళ్ళీ దగ్గరికి రానిమ్మని బతిమాలుతూ పద్యం చెప్పుకునేవాడట. అదొక ఆచారమట.

"మీ ఇంట్లో తప్పు చేసింది కవి కాదుగా," అన్నారు. "నువ్వే చెప్పుకోవాలి."

నాకు పద్యం రాదు, నీ మొట్టికాయలన్నీ వృథా. అందుకే వచనంలోనే చెప్పుకుంటున్నాను. తప్పు నాదే అన్నయ్యా. నీ పరువు తీసి నా పరువు నిలబెట్టుకున్నాననుకున్నాను. నన్ను క్షమించు.

ఆ కాగితం నువ్వు పారేసి ఉండవు. ఎక్కడుందో గుర్తు లేకపోతే వదినని అడుగు, ఆవిడకి తెలిసే ఉంటుంది. ఉత్తరం అందగానే వదినతో ఒక మెసేజ్ పెట్టించు. ఆ వచ్చే ఆదివారం, మీకు సాయంత్రం ఆరింటికి, ఇవాన్ గారి పక్కన కూర్చుని ఫోన్ చేస్తాను. "అందులో సగం నా మీదవే కదా" అని మీ బావగారూ వస్తానంటున్నారు.

వదినకీ పెద్దమ్మకీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నీ ఆశీర్వాదం ఆ ఐదు పద్యాల్లోనే ఉంటుంది, వేరే అడగను. ఒక్కటే కోరిక. రాణిగారి గదిలో పాడినట్టు మెల్లగా మాత్రం చదవకు. ఆ రోజు పందిట్లో ఎంత గట్టిగా చదవాలనుకున్నావో, అంత గట్టిగానూ చదువు.

నీ చెల్లెలు
సుజాత