బురుజు గోడ మీద వేళ్ల గుర్తులు

శ్రీకాళహస్తి, 12 మే 1979, శనివారం

ఆ బురుజును కూల్చింది నువ్వే. పార పట్టింది ఊరివాళ్లే కావచ్చు. భూస్వామి అహంకారానికి గుర్తుగా నిలిచిన ఆ కోట ఇంటిని నేలమట్టం చేయమని పత్రికలో రాసింది నువ్వు కాదూ? నన్ను నేనే అడుగుతున్నాను.

ఈరోజు ఆ పల్లెకు వెళ్లేసరికి, పాత గోడమన్ను పొలానికి బలమని బండ్లకెత్తుతున్నారు. నేను సంతోషించాల్సిందే. కానీ తుపాకీ కన్నం కింద మిగిలిన మొండిగోడకు అడ్డంగా ముసలి చెంగయ్య కూర్చున్నాడు. మట్టిగోడలు పెట్టడమే అతని పని.

"లెయ్యప్పా, కోట మీ తాత కట్టించినాడా?" అని బండివాడు ఎగతాళి చేశాడు.

"కట్టించినోళ్లు వేరే. వానకు కూలితే మల్లా పెట్టినాది మాయమ్మ. అప్పుడు నేను కడుపులో ఉన్నానంట. సూడు, ఇవి ఆయమ్మ వేళ్లు."

పచ్చిమన్ను చరిచినప్పుడు పడ్డ అయిదు వేళ్ల అచ్చు. అందులో తన చెయ్యి పెట్టి, నా వైపు తిరిగాడు.

"నువ్వు రాసిన దాంట్లో మాయమ్మ యాడుండాది, సామీ?"

లేదు. ఇరవై ఏళ్లుగా కూలివాళ్ల పక్షమని అరుస్తున్నాను. ఆ ఇంటిని కట్టిన కూలివాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు.

రేపు బండ్లు మళ్లీ వస్తాయి. పొద్దున్నే సర్పంచిని అడగాల్సినవి:

ఆ మొండిగోడ మీద పార పడకూడదు.
వానలకు ముందే దాని మీద బోదగడ్డి కప్పు వేయాలి.
గోడలు పెట్టినవాళ్ల పేర్లు అక్కడ రాయించాలి.

నేను చేయాల్సింది: చెంగయ్య తల్లి పేరు అడగాలి. ఈరోజు అడగలేదు.