మూడో షెడ్డులో బూడిద

లియావోనింగ్,
చలి మొదలైన వారం.

అమ్మకు,

పెద్దకూతురు రుయిలాన్ నమస్కారాలు. ఇక్కడ నాన్నా, నేనూ కులాసాగానే ఉన్నాం. గ్వాంగ్‌జౌలో నువ్వూ, చెల్లీ, పాపాయీ అంతకన్నా బాగుండాలి. పాపాయికి పళ్లు వస్తున్నాయన్నావు, నిన్ను నిద్రపోనిస్తోందా?

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. క్యాబేజీ జాడీలో ఉప్పు సరిపోయింది, పైన రాయి పెట్టాను, పులుపు పట్టింది. ఇళ్లు వెచ్చబెట్టే గొట్టాల్లోకి వేడినీళ్లు ఇంకా వదల్లేదు, నాన్న ఇంట్లో కూడా దూది కోటుతోనే తిరుగుతున్నాడు. జొన్న సారా ఒక్క గ్లాసే తాగుతానని నీకు మాటిచ్చాడు కదా, మాట తప్పలేదు. గ్లాసు మాత్రం పెద్దది కొనుక్కున్నాడు.

మిల్లు పడగొట్టేశారు. నాన్న పనిచేసిన మూడో షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఇటుకలు ఏరుకునేవాళ్లు తిరుగుతున్నారు. నాన్న బజారుకు ఆ దారిన వెళ్లకుండా చుట్టు తిరిగి పోతున్నాడు.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్న మాట. సినిమా సంగతి ఎత్తితే మీ నాన్న ఫోనులో మాట దాటేస్తున్నాడెందుకని కదా? చెబుతాను.

సినిమాకు డబ్బు పెడుతున్న బీజింగ్ వాళ్లకు నేను రాసిచ్చిన కథ నీకు తెలుసు. మూతపడిన ఉక్కు మిల్లు, పగిలిన అద్దాలు, తుప్పు, దుమ్ము, అక్కడ వయసంతా ధారపోసిన మనుషులు. వాళ్లకు నచ్చింది ముఖ్యంగా ఆ దుమ్మే. పడగొట్టేముందు లోపల సినిమా తీసుకోవడానికి ఒక్కరోజు అనుమతి దొరికింది. పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని వెళ్లి చూద్దును కదా, షెడ్డు అద్దంలా మెరుస్తోంది.

నాన్న తన పాత జట్టునంతా పోగేసి శుభ్రం చేయించాడట. నేల కడిగారు. మిషన్లను కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. అద్దాల్లేని కిటికీలకు అట్టలు కొట్టారు. అందరూ నీలం యూనిఫారాలు ఇస్త్రీ చేసుకుని వరసగా నిలబడ్డారు. గుమ్మానికి ఎర్రగుడ్డ, దానిమీద 'చిత్రబృందానికి ఘనస్వాగతం'. బృందమంటే నేనొక్కదాన్నే. మన మిల్లులోకి కెమెరా ఎప్పుడొచ్చినా పెద్దాఫీసర్ల వెనకే వచ్చేది. అది వస్తోందంటే కడిగిపెట్టడం వాళ్లకు అలవాటు.

"ఎట్టా ఉంది, డైరెక్టరమ్మా?" అంది క్రేను నడిపిన హో పెద్దమ్మ. "మీ నాన్న మా నడుములిరగ్గొట్టాడు. నా మొహం ఎందుకులే గానీ, ఆ ఇరిగిన నడుమే తియ్యి."

ఇంతవరకూ ఆవిడ నీకు ఫోనులో చెప్పే ఉంటుంది. తర్వాత జరిగింది చెప్పి ఉండదు. నేనే చెప్పాలి.

నాన్నను పక్కకు పిలిచాను. "ఇట్లా కాదు నాన్నా. నాకు ఉన్నది ఉన్నట్టు కావాలి."

"ఉన్నది ఇదేగా."

"మీరు కడగకముందు ఉన్నట్టు."

"అంటే?"

"మళ్లీ దుమ్ము చెయ్యండి."

అమ్మా, ఆ మాట నా నోటినుంచే వచ్చింది. నాన్న తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కెమెరా తెచ్చినవాళ్ల మాట వినడం అలవాటైన మనిషి. తలూపి, బాయిలరు గదికి వెళ్లి తట్టతో బూడిద తెచ్చాడు. మిగతావాళ్లూ తలో తట్టా తెచ్చారు. "కడగమంటే కడిగాం, పొయ్యమంటే పోస్తాం. ఈ మిల్లులో ఏ ఆఫీసరు మాట తిన్నగా ఏడ్చింది గనక," అంది హో పెద్దమ్మ. నాన్న మాత్రం విత్తనాలు చల్లినట్టు ఒక మూలనుంచి మొదలుపెట్టి సమంగా చల్లుకుంటూ వచ్చాడు. ఏ పనీ అడ్డదిడ్డంగా చెయ్యడు కదా. నేను అప్పుడే కెమెరా ఆన్ చేశాను. వాళ్లతో చెప్పలేదు.

ఆ రోజునుంచి నాన్న నాతో అన్నం పెట్టు, తలుపు వెయ్యి అన్నంతవరకే మాట్లాడేవాడు.

బీజింగ్ వాళ్లు చూసి, సినిమాకు ప్రాణం ఆ బూడిద ముక్కేనన్నారు. నాకు సిగ్గేసింది. కత్తిరించేద్దామనే నిశ్చయించుకున్నాను. కానీ నాన్నకు చూపించకుండా కత్తిరిస్తే అది ఇంకో దొంగతనం. మొన్న ఆదివారం మన టీవీలోనే వేసి చూపించాను. బూడిద దగ్గరికొచ్చేసరికి ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"కడిగినప్పటిదేదీ?" అన్నాడు.

"షూట్ చెయ్యలేదు నాన్నా."

"ఒక్క ముక్క కూడా?"

"ఒక్క ముక్క కూడా."

నాకు ఏడుపొచ్చింది. "ఇది కత్తిరించేస్తాను. నిన్నలా జనానికి చూపించడం నాకిష్టం లేదు," అన్నాను.

"కత్తిరించమాక. ఇది లేకపోతే, మా షెడ్డుని మేమే అట్టా మురికి చేసి పెట్టుకున్నామనుకుంటారు. మేం పోస్తంటే చూస్తే, కడిగిందాని మీదే పోశామని తెలుస్తది."

అందుకే ఉంచాను. నువ్వు చూసేటప్పుడు నాన్న కాళ్ల ముందు, బూడిద ఇంకా పడని నేల చూడు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న పెద్దకూతురు,
రుయిలాన్