చిటికెన వేలి కింద బటన్

తాడేపల్లిగూడెం,
ఆగస్టు, 2008.

చిరంజీవి శ్యామ్ సుందర్‌కు నాన్న దీవించి రాస్తున్నది. దేవుని దయవల్ల మీ అమ్మ క్షేమం. నేను క్షేమమో కాదో ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. చెన్నైలో నువ్వూ, కోడలు రమ్యా కులాసా అని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమెందుకంటావు. ఫోనులో నా మాట సగంలో ఉండగానే "సరే నాన్నా" అంటావు. కాగితం అలా అనదు.

నువ్వు అడిగినవి మూడు. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు, అయినా చర్చికి నాకంటే ముందే నడుస్తోంది. రెండోది, నువ్వు పంపిన మౌస్ చేతికి హాయిగా ఉందా అని. మూడోదానికి తర్వాత వస్తాను.

గంటలకొద్దీ కంప్యూటరు ఆటలు ఆడినా అలసట తెలియదని అట్టపెట్టె మీద ఇంగ్లీషులో అచ్చు వేశారు. ఉద్యోగమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత అబద్ధపు వాక్యం పిల్లల పరీక్ష పేపర్లలో కూడా చూడలేదు. తాబేలు డిప్పలా వీపు ఉబ్బించి, దాన్ని కుడివైపుకి వాల్చారు. ఎడమ పక్కన బొటనవేలికని ఒక గుంట, గుంట పైన రెండు బటన్లు. ఎవడో కుర్రాడి అరచేతి కొలత తీసుకుని లోకమంతటికీ అదే చెయ్యి అనుకున్నారు. పక్కలకు తొడిగిన రబ్బరు మన ఊరి ఉక్కకి జిగురెక్కి, కొల్లేటి కొర్రమీనుని పట్టుకున్నట్టుంటుంది. పొట్టలో ఇనుప బిళ్ళలు, బరువు కావలసినవాళ్ళకట! అవి తీసేశాను. తీసినా బరువే. దానికి తోడు నీలం లైటు. "ఏవండీ, అది నన్నే చూస్తోందండీ, మీద గుడ్డ కప్పండి" అంటుంది మీ అమ్మ. వైరు లేదన్న సుఖం ఒకటుందనుకుంటే, గూడెంలో కరెంటు పోయిన రోజే దానికి చార్జింగు ఆకలి వేస్తుంది.

దీన్ని నమ్ముకుని నేను కోదండరామయ్యగారితో తలపడ్డాను. ఆయన్ని నువ్వు మరిచిపోయి ఉండవు. హెడ్మాస్టరుగా ఉండగా నా పదో తరగతిని నా దగ్గర్నుంచి లాగి తన తోడల్లుడికి ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఏలూరులో మనవరాలు అఖిల కంప్యూటరు ముందు కూర్చుని నాతో ఇంటర్నెట్లో చదరంగం ఆడుతున్నారు. ఆ తరగతిని తిరిగి తీసుకోవడానికి నాకు మిగిలిన చోటు ఆ బల్లే.

మొన్న ఆయన రాజు మూలకు చేరాడు. నా ఏనుగు ఒక్కసారి కదిలితే ఆట కట్టు. సరిగ్గా అప్పుడు నా చిటికెన వేలు మౌస్ పక్క బటన్ మీద పడింది. బల్ల మాయమై వెనకటి పేజీ వచ్చింది. కిందా మీదా పడి మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి టైము అయిపోయి, నేను ఓడినట్టు చూపించింది.

వెంటనే ఫోను మోగింది.

"ఏవండీ మాస్టారూ, గెలిచే ఆట వదిలేసి వెళ్ళిపోయారేంటండీ? చర్చి గంట గాని కొట్టారా?"

"తప్పు నాది కాదండీ, మౌస్‌ది."

"అవున్లెండి. పిల్లలు ఫెయిలైతే మీరు పాఠ్యపుస్తకం బాలేదనేవారు కదండీ!"

పక్కన అఖిల నవ్వు కూడా వినబడింది. నాకు అన్నం సయించలేదు.

ఇక్కడ నువ్వు ఆగి ఉంటావు. ఆ బటన్లు బొటనవేలి వైపు కదా, చిటికెన వేలు ఎలా తగిలిందీ అని. ఎడమచేత్తో పట్టుకుంటే తగులుతుంది నాయనా.

నీ మూడో ప్రశ్నకు జవాబు అదే. "పోయిన ఉత్తరం అమ్మ చేత రాయించారా, అక్షరాలు మీవి కావు" అన్నావు. నావే. వానలు మొదలైనప్పటి నుంచి నా కుడిచేతి వేళ్ళకు స్పర్శ లేదు. అన్నం కలిపితే వేడో చల్లనో తెలియడం లేదు. చెయ్యి ఒత్తుకుని పడుకున్నానని మీ అమ్మకు చెప్పాను. ఆమె నమ్మింది, లేక నమ్మినట్టు ఊరుకుంది.

నేను పుట్టుకతో ఎడమచేతివాణ్ణి. ఉంగుటూరులో మా పంతులు ఆ చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసి పలక ఇచ్చేవాడు. అన్నం దగ్గర మా అమ్మ కట్టేది. చర్చి ఆరాధనలో పంచే రొట్టె ముక్క కోసం ఆ చెయ్యి చాపితే పాస్టరుగారు పళ్ళెం వెనక్కి లాక్కున్నారు. అందరూ కలిసి నాకో కుడిచెయ్యి తయారుచేశారు. వాళ్ళు చేసింది ఇప్పుడు పాడైంది. వాళ్ళు కట్టేసిన చెయ్యి మాత్రం ఏ కోపమూ పెట్టుకోకుండా, పిలవగానే లేచి వచ్చింది. తీరా వస్తే, నువ్వు పంపిన మౌస్ మళ్ళీ అదే తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళమంటావు. నువ్వొచ్చి తీసుకెళితే ఏలూరు వస్తాను. అమ్మకు కూడా నువ్వే చెప్పు, నాకు నోరు రావడం లేదు. వచ్చేటప్పుడు ఈ తాబేలుకి బదులు రెండు పక్కలా ఒకేలా ఉండే మామూలు మౌస్ తీసుకురా, వైరున్నా ఫరవాలేదు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు కోదండరామయ్యగారి ఇంటి ముందు ఆటో ఆపించు. ఎదురుగా కూర్చుని, చెక్క బల్ల మీద, ఈ చేత్తోనే ఆయన రాజుని పడగొడతాను. ఎడమచేత్తో కదిపారేంటండీ అంటారు, అననీ.

అక్షరాలు వంకరగా ఉన్నాయని మళ్ళీ రాయకు. ఈ చేతికి ఇది రెండో ఉత్తరం.

ఇట్లు,
మీ నాన్న,
ఎలీయాజరు