వెండి కత్తెర కేసులో రజిత ఒప్పుకోలు

మాదాపూర్,
శనివారం, 20-2-1999.

గౌరవనీయులైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, కట్టడం కూలీల పిల్లల రేకుల షెడ్డు బడిలో పంతులుగా పనిచేయుచున్న వెలగపూడి సీతారామయ్య నమస్కరించి విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: ఎనిమిదేళ్ల రజిత వెండి కత్తెర దొంగిలించినట్లు ఒప్పుకొనుట, సదరు ఒప్పుకోలుకు ఈ అర్జీదారుడే కారకుడగుట గురించి.

1. గత బుధవారం మా షెడ్డు ఎదుట ఒక కొత్త కంప్యూటరు కంపెనీ వారి ప్రారంభోత్సవము జరిగినది. ముఖ్య అతిథి గారికి పూలు అందించుటకు మా పిల్లలు ఆరుగురిని పిలిపించుకొనిరి. ముహూర్తపు వేళకు గుమ్మానికి పూలకొట్టు కొమురయ్య కట్టిన బంతిపూల దండలు ఉన్నవి, రిబ్బను ఉన్నది, అతిథి ఉన్నారు, పళ్లెమున్నూ ఉన్నది. పళ్లెములోని వెండి కత్తెర మాత్రము లేదు. క్యాంటీను నుండి ఉల్లిపాయలు తరిగే చాకు తెచ్చి ఇవ్వగా, అది తెగక, అతిథి గారు రిబ్బనును రెండు చేతులా పట్టి లాగి తెంపిరి. చప్పట్లకు మాత్రం లోటు రాలేదు.

2. పళ్లెం పక్కన నిలబడిన పిల్ల రజిత అని సెక్యూరిటీ వారు చెప్పగా, మరునాడు ఉదయం తమ సబ్ ఇన్‌స్పెక్టరు భాస్కర్ గారు, హెడ్ కానిస్టేబులు పెంటయ్య గారితో మా బడికి దయచేసిరి. నా ఖర్మ కాలింది అక్కడే. సరిగ్గా అదే రోజు విద్యాశాఖ నుండి తనిఖీ అధికారి రావలసి ఉన్నది.

3. తనిఖీ అనగా తమకు తెలియనిది కాదు. వారం రోజులుగా పాఠాలు కట్టిపెట్టి పిల్లల చేత రిహార్సళ్లు వేయించితిని. అధికారి ఏమడిగినా బిగ్గరగా, తడుముకోకుండా, కిసుక్కున నవ్వకుండా 'అవునండీ' అనవలెను. ఎంత మొత్తుకున్నా వాళ్ల నోట అది 'అవ్ సార్' అనియే వచ్చినది, సరే కానిమ్మంటిని. పంతులు రోజూ వస్తారా? అవ్ సార్. (ఇది నిజము.) పుస్తకాలు అందరికీ అందాయా? అవ్ సార్. (ఇది నిజము కాదు. ఆరు పుస్తకాలు, ఇరవయ్యారు మంది.) 'కాదు అన్నారో, బడి ఎత్తేస్తారు జాగ్రత్త' అని కూడా అంటిని. ఆ మాట అన్న నోరు పడిపోను.

4. మా పిల్లలు అధికారి అనువానిని ఎన్నడూ చూసి ఎరుగరు. టోపీ, బూట్లు, చేతిలో కాగితాలు చూసి భాస్కర్ గారే తనిఖీ అధికారి అనుకొనిరి. ఆయన అడిగిన తీరు, రజిత చెప్పిన తీరు ఉన్నది ఉన్నట్టు వ్రాయుచున్నాను.

'కత్తెర నువ్వే తీసినవా?'

'అవ్ సార్!'

'ఏడ పెట్టినవ్?'

దీనికి రిహార్సలు లేదు గనుక పిల్ల నోరు తెరువలేదు.

'ఇసుకల దాచినవా?'

'అవ్ సార్!'

'కంకర కిందనా?'

'అవ్ సార్!'

వారి వెంట వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు లారెడు ఇసుక కుప్పను జల్లెడ పట్టి ఈ పక్క నుండి ఆ పక్కకు మార్చిరి. ఇసుక జల్లించే పని తప్పినందుకు మేస్త్రీ సంతోషించినాడు. కంకర జోలికి వారు పోలేదు.

5. ఇక సాక్షులు. 'రజిత కత్తెర తీసుడు మీరు చూసిండ్రా?' అని అడుగగా, ఇరవై ఐదుగురూ ఒక్క గొంతుతో 'అవ్ సార్!' అనిరి. అందులో ఇరవై మంది ప్రారంభోత్సవం రోజు గేటు దాటి లోపలికే పోలేదు. ఆ రోజంతా జ్వరంతో ఇంటి దగ్గర ఉన్న సంధ్య కూడా చూసినదట.

6. ఇది చూసి నాకు ఒళ్లు మండి, పెంటయ్య గారి ఎదుటనే పిల్లలను అడిగితిని: 'కత్తెర భాస్కర్ గారే తీశారా?' ఇరవయ్యారు గొంతులు షెడ్డు రేకులు అదిరేలా 'అవ్ సార్!' అన్నాయి. పెంటయ్య గారు నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుని, 'ఇది సుత రాయమంటరా సార్?' అన్నారు. వ్రాయమనియే నా మనవి. మొదటి 'అవ్ సార్' చెల్లితే రెండోదీ చెల్లాలి, పిల్లతో పాటు భాస్కర్ గారిని కూడా కోర్టుకు పంపాలి. నిజం చెప్పొద్దూ, ఆయన చెడ్డవారు కారు. పిల్లను కసరలేదు, కొట్టలేదు. 'నిజం చెప్పింది' అని బిస్కెట్ ప్యాకెట్టు కూడా ఇచ్చారు. అదే కొంప ముంచింది! సరైన జవాబు చెప్పినందుకే బిస్కెట్లు వచ్చాయని పిల్ల నమ్మింది.

7. రజితను సోమవారం పిల్లల కోర్టులో హాజరుపరచాలని కాగితం వచ్చినది. తండ్రి మొగిలి తాపీపని వాడు, వరంగల్ జిల్లా మనిషి. కోర్టు మాట వినగానే తట్టాబుట్టా సర్దినాడు. 'బడీ వద్దు, పట్నం వద్దు సారూ. పిల్లను తోలుకొని ఇయ్యాల్నే ఊరికి పోత' అంటాడు. తల్లి రాజమ్మ నా కాళ్లకు అడ్డం పడి, 'నా బిడ్డ పక్కింట్ల బెల్లం ముక్క సుత అడగకుండ ముట్టదు సారూ' అని ఏడ్చింది. మూడు నెలల్లో అక్షరాలన్నీ కూడబలుక్కుని, సైట్లో ఉన్న బోర్డులన్నీ చదివి పారేసే పిల్ల అయ్యా అది. ఊరికి పోతే మళ్లీ బడి ముఖం చూడదు. దాన్ని పక్కకు పిలిచి, 'ఎందుకే అలా ఒప్పుకున్నావు?' అన్నాను. అది నా ముఖంలోకి చూసి, 'మీరే చెప్పిండ్రు గద సార్, అవ్ అనకుంటే బడి ఎత్తేస్తరని. నేను గట్టిగ చెప్పిన్నా సార్?' అంది. గట్టిగానే చెప్పావమ్మా అన్నాను.

కావున, రజిత ఒప్పుకోలును, ఇరవై ఐదుగురి ప్రత్యక్ష సాక్ష్యమును నా రిహార్సలుగా భావించి కొట్టివేయవలెననియు, శిక్ష తప్పదంటే అది పాఠము చెప్పిన నాకే వేయవలెననియు వేడుకొనుచున్నాను. ఇందులో తప్పులుంటే నావనీ, నిజాలుంటే పిల్లవనీ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెలగపూడి సీతారామయ్య

తా.క.: అర్జీ మీద స్టాంపు అంటించిన తరువాత జరిగిన సంగతి ఇది. చింపి మళ్లీ రాద్దామంటే స్టాంపు దండగ, అందుకని ఇక్కడే ఇరికిస్తున్నాను.

సోమవారం గండం గట్టెక్కాలని ఈ పొద్దున పిల్లలకు 'కాదు సార్' నేర్పాను. గంటలో బ్రహ్మాండంగా వచ్చేసింది. 'నీ పేరు రజితేనా?' 'కాదు సార్!' 'మొగిలి మీ నాయనేనా?' 'కాదు సార్!' నేను నెత్తి పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. అర్జీ తీసుకుపోదామని వచ్చిన పెంటయ్య గారు రజితను దగ్గరికి తీసుకుని, మాటవరసకు, 'ఆ దినం ఏమేం చూసినవ్ బిడ్డా?' అన్నారు.

ఇక చూసుకోండి! అతిథి గారి బూట్లు అద్దంలా మెరవడం దగ్గర్నుంచి, మైకాయన ముక్కు గీరుకోవడం దాకా ఏకరువు పెట్టింది. మధ్యలో, 'పూల తాత దండ దారం తెగుతలేదని పళ్లెంల కత్తెర తీస్కొని కోసిండు. మల్ల దాన్ని పూలగంపల ఏస్కొని పోయిండు' అంది.

పెంటయ్య గారు సైకిలెక్కి కొమురయ్య కొట్టుకు పోయారు. గంప అడుగున, వాడిపోయిన బంతిపూల కింద కత్తెర దొరికింది. పాపం కొమురయ్య ఆ హడావిడిలో అది తనదేననుకున్నాడట. 'నా కత్తెర గింత మంచిగెట్ల కోస్తుందని నేనే పరేషానైన' అన్నాడట.

'ఇదంతా మొన్ననే ఎందుకు చెప్పలేదే?' అన్నాను రజితతో.

'గది ఎవ్వలు అడగలే గద సార్' అంది.

మొగిలి సర్దిన మూట విప్పుతున్నాడు. మీరు ఆ కోర్టు కాగితం ఒక్కటి వెనక్కి తీసుకుంటే పూర్తిగా విప్పేస్తాడు. మొన్న రాని తనిఖీ అధికారి మంగళవారం వస్తున్నారట. ఈసారి పిల్లలకు నేనేమీ నేర్పడం లేదు. ఆరు పుస్తకాలే ఉన్నాయని చెబితే చెప్పనివ్వండి.