మూడో రివిజన్ కింద నా సంతకం

జూన్ 3, మంగళవారం

కాట్టుపల్లి నుంచి ఒక రివాల్వర్ వాపసు వచ్చింది. మా ఫ్యాక్టరీలో చేసిందే, డిజైన్ మార్చి చేసిన మూడో రివిజన్‌ది. క్యాష్ వ్యాన్ గార్డు బండి దిగుతుంటే నడుము నుంచి జారి పడిందట. పడగానే పేలింది. తూటా పాదంలోంచి దూసుకుపోయింది.

మేనేజర్ దామోదరం గారు నా బల్ల దగ్గరే నిలబడి — "వాడకంలో పొరపాటని రాసేయ్ రేవతీ. సాయంత్రానికి పంపించాల."

రాయలేదు.

జూన్ 4

విప్పాను. ప్రతి ముక్కా కొలిచాను. స్ప్రింగు బాగుంది, సుత్తి బాగుంది, ఎక్కడా అరుగుదల లేదు. అన్నీ డ్రాయింగులో ఉన్నట్టే ఉన్నాయి.

భయం వేసింది అందుకే. ముక్కల్లో తప్పు లేకపోతే...

జూన్ 5

డ్రాయింగుల బీరువా తీయించాను. పాత షీట్లన్నీ బల్ల మీద పరిచి వరుసగా చదివాను. ఎనిమిదేళ్లుగా ఇక్కడే పని, ఒక్కసారీ ఇలా చదవలేదు.

మొదటిది — ఉక్కు ఫ్రేము, పొడుగు గొట్టం, చెక్క పిడి. చేతిలో బండరాయిలా ఉండేది. సుత్తికీ తూటాకీ మధ్య సేఫ్టీ బార్, గోరంత పలక. ట్రిగ్గర్ నొక్కితేనే అడ్డు తప్పుకుంటుంది. రెండోది — గొట్టం కురచ, ఫ్రేము తేలిక, చెక్క పోయి ప్లాస్టిక్. బార్ మాత్రం ఉంది. మూడోదానికి వచ్చేసరికి ట్రిగ్గర్ గట్టిగా ఉందని కొన్నవాళ్లు గొణిగారు. స్ప్రింగు మెత్తబడింది. బార్ పోయింది. దాని బదులు సుత్తి కాస్త వెనక్కి ఆగేలా ఒక గాడి. అంతే.

షీటు అడుగున, 'సరిచూసినవారు' అన్నచోట, నా పొట్టి సంతకం.

గుర్తుంది. కొలతలు సరిచూశాను. ఆ పలక ఎందుకు తీసేశారో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూన్ 6

సాయంత్రం ఇంటికి వస్తూ, రైల్లో మా తిరుత్తణిలో దిగడం మరిచి పొన్‌పాడి దాకా వెళ్లిపోయాను.

జూన్ 8, ఆదివారం

మింజూరు వెళ్లాను. గార్డు ఏసుదాసు ఇల్లు. మంచం మీద ఉన్నాడు, కాలికి కట్టు. భార్య మరియమ్మ కాఫీ తెచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చానని చెప్పగానే గ్లాసు కింద పెట్టేసి — "మళ్లా ఈయన మీదనే తప్పు పెట్టేదానికి వచ్చినారా?"

ఆయన మాత్రం మెల్లగా — "పదైదేండ్లు మిలిటరీలో ఉంటినమ్మా. తుపాకి ఎట్ల పెట్టుకోవాల్నో నాకు తెలీదా? లైసెన్సు తీసేస్తామంటాండారు. అది పోతే నాకు పని యాడ దొరకతాది?"

"తప్పు నీది కాదన్నా."

"మరెవురిది?"

చెప్పాను. పలక సంగతి, నా సంతకం సంగతి.

మరియమ్మ కింద పెట్టిన కాఫీ గ్లాసు తీసి నా చేతికిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 10

రెండో రివిజన్‌కు పలకలు చేసింది ఫిట్టర్ మునెయ్య మామే. బార్ సంగతి ఎత్తగానే ఆకురాయి పక్కన పెట్టేశాడు.

"దాన్ని తీయొద్దని అప్పుడే చెప్తిని గదా పాపా. ఫిట్టర్ మాట ఎవురు వింటారు?"

"ఇప్పుడు నేను వింటా మామా. మూడోదాంట్లోకి పట్టేటట్టు ఒకటి చేసిస్తావా?"

"కండిప్పా చేసిస్తా పాపా, తప్పకుండా."

జూన్ 12

పరీక్ష. గుండూ మందూ తీసేసి, సుత్తి దెబ్బకు నిప్పు రాజేసే క్యాప్ ఒక్కటే ఉంచిన తూటాలు. నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీదకి.

బార్ లేనిది ఏడోసారికి టప్పుమంది. మామ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

బార్ ఉన్నది — యాభైసార్లు పడేశాం. ఒక్కసారీ పేలలేదు. ట్రిగ్గర్ కాస్త గట్టిపడింది. పడనీ.

జూన్ 13

దామోదరం గారి గది. నాలుగో రివిజన్‌లో పిడి ఒక్కటే మారాలట. నేను బార్ కూడా కలిపి గీసిన షీటు ముందు పెట్టాను. పక్కనే పేలిన క్యాపు. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నారు.

"సరిమ్మా, నాలుగోదాంట్లో పెడదాం. మార్పుకి కారణం అనేచోట మాత్రం 'పనితీరు మెరుగు' అని రాయి."

"కింద పడితే పేలతాంది గాబట్టి అని రాస్తా సార్."

"అట్ల రాస్తే మూడోవన్నీ వెనక్కి తెప్పియ్యాల. తెలుసునా?"

"దానికే సార్ రాసేది."

కిటికీ వైపు తిరిగిపోయారు. "నీ సంతకం గూడా ఉండాది దాంట్లో. మొదట పొయ్యేది నీ ఉద్యోగమే."

"తెలుసు సార్."

షీటు ఆయన బల్ల మీదే వదిలి బయటికొచ్చాను.

జూన్ 14

రిపోర్టు రాశాను. గార్డు తప్పు లేదు, లోపం డిజైన్‌లోనే. మూడోవాటిని వెనక్కి తెప్పించాలని ఫ్యాక్టరీ యజమానులకు వేరే ఉత్తరం. రిపోర్టు నకలు ఏసుదాసుకు రిజిస్టర్ పోస్టులో.

మునెయ్య మామ చదివించుకుని విన్నాడు. "నేనూ పెడతా చేవ్రాలు. యాడ పెట్టల్ల?"

జూన్ 16, సోమవారం

నాలుగో షీటు నా బల్ల మీదకి తిరిగి వచ్చింది. బార్ ఉంది. దామోదరం గారు ఒప్పుకున్నట్టు సంతకం. కారణం గడి మాత్రం ఖాళీ. రాయమనలేదు, వద్దనీ అనలేదు.

నింపాను. సిరాతో.

యజమానుల దగ్గర నుంచి ఉత్తరానికి జవాబు లేదు. నన్ను పిలవనూ లేదు, పొమ్మననూ లేదు. మధ్యాహ్నం స్టోరుకు వెళ్లి అమ్మకాల రిజిస్టరు అడిగాను. ఎందుకని అడగకుండానే ఇచ్చారు. మూడోవి ఎవరెవరి దగ్గర ఉన్నాయో, వాళ్లకు నేనే ఉత్తరాలు రాయడానికి, పేర్లూ ఊళ్లూ రాసుకుంటున్నాను. పూండిలో ఒక రైతు. అరక్కోణంలో ఒక డాక్టరు. పొన్నేరిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ...

నాలుగు పేజీలు అయ్యాయి. ఇంకా చాలా ఉన్నాయి.