జవాబు లేని పరీక్ష

తమ్ముడూ జాన్,

నువ్వు మౌలాలిలో మొదలుపెట్టిన ప్రోగ్రామర్ల సమావేశానికి, నువ్వు పోయాక మొదటిసారి వెళ్లాను. ఉద్యోగాలిస్తామంటూ ఒక కంపెనీ మేనేజర్ వచ్చాడు. పరీక్ష పేరుతో అతను అంతకుముందు వారం ఇంటి దగ్గర రాసి తెమ్మన్న ప్రోగ్రాం ఒక్కొక్కరికీ ఒక్కో రకం. అన్నీ కలిపితే బస్సు టికెట్ల బుకింగ్ సాఫ్ట్‌వేర్ పూర్తయ్యేలా ఉంది. జీతం లేకుండా పని చేయించుకుంటున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది.

ఏడాదిగా ఉద్యోగం వెతుకుతున్న షబానా, పెన్‌డ్రైవ్ ఇవ్వబోయి ఆగింది.

"సార్, జాన్ అన్న గిట్లనే అడిగేటోడు. ఈ పరీక్షకు జవాబు మీ దగ్గర ముందే ఉందా? జెర చూపించుండ్రి."

"ఏందమ్మా, జాబ్ కావాలా వద్దా?"

"కావాలె సార్. అందుకే అడుగుతున్న."

అతను ల్యాప్‌టాప్ తెరవలేదు. షబానా పెన్‌డ్రైవ్‌ను బ్యాగులో వేసుకుంది. వెనకున్నవాళ్లూ తమవి ఇవ్వలేదు.

మా పత్రికకు వార్త రాసిచ్చాను. ఆ ప్రశ్న మొదట అడిగిన మనిషికి ఫోన్ చేసి నిర్ధారించుకోమన్నాడు మా కొత్త ఎడిటర్. నీ నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది.